మంచం మీది మనిషికి ఒక మాట

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పక్షవాతంతో మంచాన పడ్డ తండ్రి, కదలకుండా పడుకోవడంతో నడుము కింద పడ్డ పుండు, విసుక్కునే కోడలు. మొదటి రెండు పేజీలూ బాగా నడిపావు. మూడో పేజీలో ఆ పుండు 'కుళ్లిన కుటుంబానికి గుర్తు' అని రాశావు చూడు, అక్కడ నీ పెన్ను లాగేసుకోవాలనిపించింది. పుండు మోసేవాడికి అది దేనికీ గుర్తు కాదురా.

మా అమ్మ తుంటి విరిగి ఐదు నెలలు మంచం మీదే ఉంది. పిరుదుల పైన, ఎముక తగిలే చోట రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలియలేదు. కాస్త నల్లబడి, ముట్టుకుంటే వెచ్చగా, గట్టిగా ఉంది. నేనే కొబ్బరినూనె పెట్టి బాగా మర్దన చేశాను. ఎముకకీ పరుపుకీ మధ్య నలిగి, రక్తం అందక అప్పటికే దెబ్బతిన్న కండని అలా రుద్దకూడదని తర్వాత నర్సు చెప్పింది. పైకి చిన్న పుండు, లోపల గొయ్యి.

నొప్పి సంగతి నువ్వు రాశావు. వాసన సంగతి రాయలేదు. చుట్టాలు వస్తున్నారంటే "నిద్రపోతోందని చెప్పు" అనేది అమ్మ. మనవడు ఒకసారి ముక్కు మూసుకున్నాడు. ఆ తర్వాత వాణ్ని దగ్గరికి పిలవలేదు. పుండు మానాలంటే గుడ్డూ పప్పూ బాగా పెట్టమన్నారు డాక్టరు. ఆమేమో తింటే దొడ్డికి వస్తుందని, ఎవరో ఒకరు కడగాల్సి వస్తుందని ముద్దలు తగ్గించేసింది. రాత్రిళ్లు రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని పక్క తిప్పేవాళ్లం. నేను మంచం దగ్గరికి రాకముందే, అలారం మోగగానే ఆమె పళ్లు బిగించేది. అదీ కథలోకి రావాల్సింది.

ఇంకో తప్పు. నీ కథలో కొడుకు గుండ్రటి గాలి ట్యూబు తెచ్చి తండ్రి కింద పెడతాడు, అంతా సర్దుకుంటుంది. దాని అంచులు చుట్టూ నొక్కేసి మధ్య చర్మానికి రక్తం అందనివ్వవు, వద్దంటారు. ఎయిర్ బెడ్ అని మార్చు. అది ఉన్నా పక్క తిప్పక తప్పదు.

కోడల్ని కూడా కాస్త వదిలెయ్. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు వెన్ను విరిగిన సైనికుల్ని రేయింబవళ్లు రెండేసి గంటలకి తిప్పించి బతికించాడు. అంతకుముందు అలాంటివాళ్లలో చాలామంది ఈ పుండ్లతోనే పోయేవాళ్లు. కానీ ఆయనకి వార్డు నిండా మనుషులున్నారు, నీ కోడలు ఒక్కతే. మెడ విరిగి ఒళ్లు చచ్చుబడినా డబ్బూ నర్సులూ ఉన్న హాలీవుడ్ నటుడు క్రిస్టఫర్ రీవ్‌కే 2004లో, చనిపోయే ముందు, ఇలాంటి పుండుకి ఇన్ఫెక్షన్ వచ్చింది.

పన్నెండు పేజీల్లో ఆ తండ్రి చేత ఒక్క మాటా అనిపించలేదు నువ్వు. అమ్మ పుండు పూడటం మొదలయ్యాక అడిగింది ఒక్కటే: కుర్చీలో కూర్చోబెట్టి వీధివైపు తిప్పమని. పది నిమిషాలు కూర్చుంది. కూరగాయల బండివాణ్ని పిలిచి వంకాయలు బేరమాడింది.

కాగితాలు పోస్టులో పంపుతున్నాను. మార్జిన్లో పెన్సిల్‌తో రాసినవి చూసుకో.

మీ అన్న