రేటింగ్ తీసెయ్, అమ్మమ్మని ఉంచు

విజయనగరం

అమ్మాయీ,

నీ కవరు అందింది. కాగితాలన్నీ చదివాను. సినిమాల మీద, సీరియల్స్ మీద, ఓటీటీలో చూసిన సిరీస్‌ల మీద నీకేమనిపించిందో రాశావు. చివర్లో, "నేను విమర్శకురాలిని కాదు మాస్టారూ, ఊరికే చూసేదాన్ని. ఇలాంటివి రాయొచ్చా?" అని అడిగావు. నిక్షేపంగా రాయొచ్చు. సినిమా తీసేదే ఊరికే చూసేవాళ్ల కోసం. వాళ్లకేమనిపించిందో వాళ్లు రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

అయితే ఒక మాట చెప్పాలి. నువ్వు పంపిన వాటిలో ఎక్కువభాగం ఒకే మూసలో ఉన్నాయి. మొదట కథ, తర్వాత నటీనటుల పనితీరు, ఆ తర్వాత సాంకేతిక విభాగం, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, ఆఖర్న ఐదుకి ఇంత అని ఒక అంకె. "ఫస్టాఫ్ ఎంగేజింగ్‌గా సాగింది, సెకండాఫ్‌లో ల్యాగ్ ఉంది, నిర్మాణ విలువలు రిచ్‌గా ఉన్నాయి." ఈ మూడు ముక్కలూ ఏ సినిమాకి తగిలించినా సరిపోతాయి, రెడీమేడ్ చొక్కాల్లాగ. సినిమా విడుదలైన రోజు పొద్దున్నే చూసి, మధ్యాహ్నంలోగా టికెట్టు కొనాలో వద్దో జనానికి చెప్పాల్సినవాళ్లకి ఆ మూస కావాలి. అది వాళ్ల ఉద్యోగం, వాళ్లని తప్పుపట్టను. నీకా తొందర లేదు. మరి వాళ్ల మాటలు నీకెందుకు?

తండేల్ సినిమా మీద నువ్వు రాసిన పేజీ చూడు. జైలు సీన్లు సినిమాటిక్‌గా ఉన్నాయన్నావు, పాటలు బాగున్నాయన్నావు, ఐదుకి రెండు ముప్పావు ఇచ్చావు. వీటి మధ్యలో ఒక వాక్యం ఇరుక్కుపోయి ఉంది: "ఒడ్డున ఆడవాళ్లు కబురు కోసం ఎదురుచూసే సీన్లలో మా అమ్మమ్మ నా చెయ్యి వదల్లేదు." నాకు కావలసింది ఈ వాక్యం. దాన్ని దాటేసి నేరుగా సంగీతం మీదకి వెళ్లిపోయావు.

మీ అమ్మమ్మది సముద్రం ఒడ్డున ఊరని నువ్వే రాశావు. ఆ సినిమాకి ఆధారమైన సంగతి మనందరికీ తెలిసిందే. మన శ్రీకాకుళం జిల్లాకి అంత పొడవున తీరం ఉన్నా పెద్ద బోట్లు నిలిచే హార్బరు లేకపోయింది. అందుకే మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వాళ్లు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వేటలో ఉండగా పాకిస్తాన్ వాళ్లకి చిక్కారు. ఏడాది దాటాక, 2020 జనవరిలో, వాఘా సరిహద్దు మీదుగా ఇంటికొచ్చారు. 2025 ఫిబ్రవరిలో సినిమా వచ్చేనాటికి ఆ కథ రాష్ట్రమంతటికీ వార్త. మీ అమ్మమ్మకి మాత్రం అది ఇరుగుపొరుగు సంగతి. వేటకెళ్లిన మనిషి కోసం ఎదురుచూడ్డం అంటే ఏమిటో హాల్లో ఉన్నవాళ్లందరికంటే ఆమెకే బాగా తెలుసు.

కాబట్టి నేను అడుగుతున్నాను: ఆమె నీ చెయ్యి ఎప్పుడు పట్టుకుంది? సరిగ్గా ఏ సీన్‌కి? మళ్లీ ఎప్పుడు వదిలింది? సినిమా జైల్లోకి వెళ్లి కొట్లాటలు మొదలయ్యేసరికి వదిలేసి పక్కనున్నవాళ్లతో మాట్లాడ్డం మొదలుపెట్టిందా? అలాగైతే, జైలు సీన్లు కృతకంగా ఉన్నాయన్న నీ అభిప్రాయానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. ఆఖరిదాకా వదల్లేదా? అప్పుడు నీ అభిప్రాయాన్నే ఇంకోసారి తిరగేసి చూసుకోవాలి. ఇంటికొచ్చాక ఏమంది? ఏమీ అనకుండా పడుకుందా? ఇవి రాయి. రెండు ముప్పావు తీసెయ్.

నచ్చిందా నచ్చలేదా అన్నది అందరూ చెప్తారు. ఎక్కడ నచ్చింది, అప్పుడు నీ పక్కన ఎవరున్నారు, మీకేం జరిగింది అన్నది నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. నా సలహా అంతా ఇదే.

ఇక భాష సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఏళ్ల తరబడి నన్ను బాధపెట్టిన విషయం. మన శ్రీకాకుళం, విజయనగరం యాస సినిమాలో వినపడిందంటే అది చాలావరకు పనిమనిషి నోటో, వాచ్‌మన్ నోటో, హాస్యగాడి నోటో ఉండేది. మాట వినపడగానే హాలంతా నవ్వేది. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చింది. విశాఖలోని ఆ పేట మనుషులే చాలామంది అందులో నటించారు. 2020 మార్చిలో పలాస 1978 మన జీడిపప్పు ఊరిని తెరమీద పెట్టింది. తర్వాత తండేల్. హీరో మన యాసలో ప్రేమించడం, కోప్పడడం మొదలుపెట్టాడు. ఇలాంటివి వచ్చినప్పుడల్లా "ఉత్తరాంధ్ర యాస బాగా పట్టుకున్నారు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. పట్టుకున్నారో లేదో ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లకి ఎలా తెలుస్తుంది? నీకు తెలుస్తుంది. ఇచ్ఛాపురం మాటకీ బొబ్బిలి మాటకీ తేడా చెవిన పడగానే పట్టగలవు.

ఈసారి మన ప్రాంతం కథ ఏది చూసినా ఒకటి గమనించు. హీరో ఆటపట్టించేటప్పుడు "ఏటే, ఎక్కడికెల్తన్నావ్" అంటాడు. అదే మనిషి, తండ్రి పోయినప్పుడో ఊరి పెద్దని ఎదిరించేటప్పుడో పెద్ద డైలాగు చెప్పాల్సివస్తే, ఉన్నట్టుండి టీవీ వార్తల భాషలోకి జారిపోతాడేమో విను. జారాడంటే, మన మాటతో నవ్వించగలం గానీ ఏడిపించలేమని ఆ రాసినాయనకి లోపల్లోపల అనుమానం ఉందన్నమాట. మన ఊళ్లలో చావు జరిగిన ఇంట ముసలమ్మలు శోకాలు పెడుతుంటే విన్నావు కదా? ఏడవడానికి అంతకంటే గొప్ప భాష ఎక్కడుంది? జారని సినిమా దొరికితే, ఏ సీన్‌లో ఏ మాట దగ్గర నిలబడిందో పేరుపెట్టి మెచ్చుకో. 1892లోనే మన విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. అందులో ఎవరి మాట వాళ్లదే. గిరీశం మాట లుబ్ధావధాన్లుకి పెట్టలేం, మధురవాణి మాట బుచ్చమ్మకి పెట్టలేం. ఆ నేల మీద పుట్టినదానివి, తెర మీద మాట తప్పు పలికితే చెప్పే హక్కు నీకుంది.

మాయాబజార్ మీద రాసింది ఒకటే లైను: "సావిత్రి నటన అద్భుతం." 1957 నుంచీ అందరూ అంటున్న మాటే. ఆమె చేసిందేమిటో చెప్పు. ఆ పెళ్లి ఘట్టంలో పైకి శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. ఎస్వీ రంగారావు ఛాతీ విరుపు, ఆ అడుగు బరువు సావిత్రి ఒంట్లోకి వచ్చేస్తాయి. ఎవరైనా చూస్తున్నారనుకోగానే చటుక్కున సిగ్గుపడే పెళ్లికూతురైపోతుంది. పీటల మీద పెళ్లికొడుకు కాలు తొక్కి ఏమీ ఎరగనట్టు తలొంచుకుంటుంది. "అహ నా పెళ్లియంట" పాటలో ఆడగొంతు పాడుతూ పాడుతూ ఉండగా మగగొంతు తన్నుకొస్తుంది. ఆ ఆడగొంతు మన విజయనగరం సుశీలమ్మది, మగగొంతు ఘంటసాలది. ఇద్దరూ మన సంగీత కళాశాలలో చదువుకున్నవాళ్లే. ఆ పాట ఒక్కటీ ఆపి ఆపి చూడు, భుజం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో. ఒక పేజీ దానంతటదే వస్తుంది. అప్పుడు "అద్భుతం" అన్న మాట నువ్వు రాయనక్కర్లేదు, చదివినవాళ్లే అంటారు.

సీరియల్స్ దగ్గర నీతో నాకు పేచీ ఉంది. "వాటి గురించి రాయడానికేముంది, అమ్మ చూస్తుంది, నేను ఫోన్ చూసుకుంటాను" అని తేల్చేశావు. కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా, పదిహేను వందల ఎపిసోడ్లు దాటి నడిచింది. ఒక్క పరీక్ష చేయిస్తే తేలిపోయే అనుమానాన్ని ఏళ్లకేళ్లు లాగారని అందరూ వెక్కిరించారు. మీ అమ్మకి ఆ మాత్రం తెలియదనుకున్నావా? తెలిసీ రోజూ ఆ టైముకి టీవీ పెట్టిందంటే ఆమెకి అందులో ఇంకేదో దొరుకుతోంది. భర్త నమ్మకపోయినా వంట చేసుకుని పిల్లని పెంచుకుంటూ తలెత్తుకు తిరిగే ఆడదాన్ని ఆమె అక్కడ చూసుకుంటోందేమో. అడిగి తెలుసుకో. అడిగేటప్పుడు నవ్వకు.

ఇంకొకటి చూడు. సీరియల్లో ఒకే మాట రెండుసార్లు అంటారు, ఉరుములాంటి మ్యూజిక్ వేస్తారు, ఒక్కొక్కరి మొహమూ మూడేసి సార్లు చూపిస్తారు. సోఫాలో కూర్చుని చూసే నీకు విసుగొస్తుంది. మీ అమ్మ సోఫాలో లేదు కదా. వంటింట్లో కూర తరుగుతోంది, కుక్కరు విజిల్ వేస్తోంది. ఆమె సీరియల్‌ని సగం చెవులతోనే చూస్తుంది. మ్యూజిక్ మోగితే తొంగిచూస్తుంది. ఆ రెండోసారి చెప్పే మాట ఆమె కోసం. ఎవరు, ఎక్కడ నిలబడి, ఏం పనిచేస్తూ చూస్తారో తెలిస్తే ఆ సీరియల్ ఎందుకలా తయారైందో సగం అర్థమవుతుంది. ఇంత తెలిశాక తిట్టాల్సింది తిట్టు. నల్లటి అమ్మాయి బాధే కథగా పెట్టుకుని, ఆ పాత్ర వేసిన నటికి మేకప్‌తో నల్లరంగు పూశారు. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. నీకేమనిపించిందో నీ మాటల్లో రాయి.

అమృతం మీద నువ్వు రాసిన అరపేజీ మాత్రం బాగుంది. శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ అని ముగ్గురు అమృతరావులు మారారు, ఆంజనేలు మాత్రం మొదటినుంచీ గుండు హనుమంతరావే, అందుకే ఆ ఇల్లు మారినట్టు మనకి అనిపించలేదన్నావు. ఇది నువ్వు చూసి పట్టుకున్న సంగతి, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు. దీన్ని పెంచు. ఆదివారం రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు కూర్చునేవారో అదీ కలుపు.

ఊరికే చూసేవాళ్ల మాటకి విలువేముందని దిగులుపడకు. 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు ఖాళీగా ఉన్నాయి. స్టార్లు లేరు, హీరోగా కనపడేది నెరిసిన జుట్టు పెద్దమనిషి. ఆయన, మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టి విజయనగరం నాటకాల్లో రాటుదేలిన జె.వి.సోమయాజులు, అప్పటికి డిప్యూటీ కలెక్టరు ఉద్యోగంలో ఉన్నారు. చూసినవాళ్లు ఇంటికెళ్లి పక్కింటివాళ్లకి చెప్పారు, వాళ్లు ఇంకొకరికి చెప్పారు. ఆ మాటలే హాళ్లు నింపాయి. చెప్పినవాళ్లంతా నీలాంటివాళ్లే.

చిన్న చిన్నవి కొన్ని. చూసిన రాత్రే నాలుగు ముక్కలు రాసిపెట్టుకో, అప్పటిదాకా ఇంకొకరి రివ్యూ చదవకు. డైలాగు రాస్తే మళ్లీ విని సరిచూసుకుని రాయి. కంచరపాలెం మీద రాస్తూ ఆఖరి ముడి విప్పేశావు, అది కొట్టేసెయ్. ముసుగులోంచి కళ్లు మాత్రమే కనపడే సలీమా, బ్రాందీ షాపులో ఆమె కోసం ఎదురుచూసే గడ్డం అనే మనిషి, ఆ రాత్రుల గురించి నువ్వు రాసింది చాలు, చదివినవాళ్లు సినిమా వెతుక్కుని చూస్తారు. నటీనటుల ఒంటి లావు గురించి, ఈడు గురించి రాసిన రెండు చోట్లా కొట్టేశాను. నీకు తగని మాటలవి. ఫలానా హీరో అభిమానులు తిడతారేమోనన్న భయం ఒక పేజీలో కనపడింది. పొగడ్తతో మొదలుపెట్టి, నసుగుతూ, ఆఖర్న అసలు మాట మింగేశావు. నువ్వు తిట్టకుండా, ఏ సీన్ ఎందుకు నచ్చలేదో వివరంగా చెప్తే ఎవరు కోప్పడ్డా నీ మాట నిలుస్తుంది.

శ్రీకాకుళం వెళ్లినప్పుడు కథానిలయానికి ఓసారి వెళ్లు. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన ఆ లైబ్రరీలో పాత పత్రికలు ఉంటాయి. మన ప్రాంతం రచయితలు మనిషి మాటని కాగితం మీద ఎలా పెట్టారో రెండు మూడు కథల్లో చూడు. సినిమా మీద రాసేదానికి కథలెందుకంటావేమో. చెవికి సాధన అక్కడ దొరుకుతుంది.

ముందు తండేల్ పేజీ మళ్లీ రాసి పంపు. అమ్మమ్మని అడిగి రాయి, ఆమె ఏ మాట ఎలా అందో అలాగే పెట్టు, దిద్దకు. తర్వాత అమ్మ సీరియల్. ఫెయిర్ కాపీ చెయ్యనక్కర్లేదు, కొట్టివేతలతోనే పంపించు. నువ్వు ఏ మాట తీసేసి ఏ మాట పెట్టావో నేను చూడాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు