జైలు ఉద్యోగానికి ఏ డిగ్రీ మంచిది?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సీఈసీ పాసయ్యాడు. డిప్యూటీ జైలర్ అవుతానని పట్టుబట్టాడు. దానికి ఏ డిగ్రీ అయినా చాలంటున్నారు. ఏం చదివించమంటారు సార్? జైల్లో ఉద్యోగమంటే నాకు గుండె దడగా ఉంది.
– ఒక తల్లి, జనగామ

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజమే. తెలంగాణలో 2022లో ఎస్సై పోస్టులతో కలిపే డిప్యూటీ జైలర్ పోస్టులకూ నోటిఫికేషన్ ఇచ్చారు. ఏ డిగ్రీ ఉన్నా సరిపోయింది. ఖైదీలకు కాపలా ఉండే వార్డర్‌కైతే ఇంటరే చాలు. అయినా నా మాట విని సైకాలజీ, సోషియాలజీ ఉన్న బీఏలో చేర్పించండి.

నేను బీకాం చదివి ఈ శాఖలో చేరాను. కొత్తలో మా బారక్‌లో ఓ ముసలాయన ఉండేవాడు. చిన్న దొంగతనం కేసు. ములాఖత్‌కు ఎవరూ వచ్చేవారు కాదు. నాలుగు నెలలు రోజూ సాయంత్రం లాకప్ వేళ ఆయన్ని లెక్కపెట్టి తాళం వేశాను. ఓ రోజు చెయ్యి పట్టుకుని "సారూ, నా పేరు మీద కాగితమేమన్నా వచ్చిందా?" అన్నాడు. ఫైలు తీసి చూస్తే బెయిలు ఎప్పుడో వచ్చింది. జామీను ఇచ్చేవాళ్లు లేరు. ఆయనకు చదువు రాదు, నాకు అడగాలని తోచలేదు. అర్జీ మీద వేలిముద్ర వేయించుకుంటుంటే ఆ బొటనవేలు వణకడం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

2022 చివర్లో దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉంటే, 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. బెయిలొచ్చిన ఏడు రోజుల్లో మనిషి బయటికి వెళ్లకపోతే జైలు సూపరింటెండెంట్, పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ పని సరిగ్గా జరగాలంటే ఖైదీని కూర్చోబెట్టి మాట్లాడించగల అధికారి కావాలి.

డిగ్రీ తర్వాత వీలైతే ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేయించండి. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో సోషల్ వర్క్‌తో పాటు నేరం, న్యాయం గురించీ లోతుగా చెబుతారు. ఉద్యోగమొచ్చాక శిక్షణ ఎటూ ఉంటుంది. దక్షిణాది జైలు అధికారుల కోసం వెల్లూరులో 1979 నుంచీ అకాడమీ ఉంది. ఎంపికలో దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది కాబట్టి పరుగు మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి.

ఇక మీ భయం. హైదరాబాద్ వచ్చినప్పుడు చంచల్‌గూడ జైలు వాళ్ల పెట్రోలు బంకుకు అబ్బాయిని తీసుకెళ్లండి. అక్కడ ఖైదీలే పెట్రోలు పోస్తారు, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెడతారు. మీ వాడు రోజూ మాట్లాడబోయేది వాళ్లతోనే.