తిట్టే జట్టుతో ఆడటం ఎలా?

ప్రశ్న: స్నేహితులు అందుబాటులో లేనప్పుడు అపరిచితులతో జట్టు కట్టి ఆన్‌లైన్ ఆటలు ఆడుతుంటాను. ఒక్క పొరపాటు చేసినా జట్టులోనివారే వాయిస్ చాట్‌లో బూతులు తిడుతున్నారు. మ్యూట్ చేస్తే ప్రత్యర్థులు ఎటు నుంచి వస్తున్నారో తెలియదు. బదులు చెబితే ఆటంతా గొడవతోనే సరిపోతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మ్యూట్ చేయండి, అదీ మొదటి తిట్టుకే. సమాచారం అందదన్న మీ సందేహం సబబైనదే గాని, బూతుల మధ్య మీకు అందుతున్న సమాచారం ఎంతో కూడా చూసుకోవాలి. శత్రువు ఉన్న చోటును నోరు విప్పకుండానే చూపించే పింగ్ సదుపాయం ఇప్పుడు చాలా ఆటల్లో ఉంది. 2019లో వచ్చిన అపెక్స్ లెజెండ్స్‌లో దాన్ని ఎంత చక్కగా అమర్చారంటే, వాయిస్ చాట్ లేకుండానే జట్టుగా ఆడవచ్చు. కాబట్టి గొంతును ఆపి, పింగ్‌లను ఉంచుకోండి. పింగ్‌లనే అదేపనిగా మోగిస్తూ విసిగించేవారూ లేకపోలేదు. కొన్ని ఆటల్లో వాటినీ ఆపివేయవచ్చు.

బదులు చెప్పడం మాత్రం శుద్ధ దండగ. మీరు టైపు చేస్తున్నంతసేపూ మీ పాత్ర కదలకుండా నిలబడి ఉంటుంది. పైగా ఆ మాటలు చాట్ లాగ్‌లో, అంటే సంభాషణల రికార్డులో చేరి, ఫిర్యాదు విచారణకు వచ్చినప్పుడు మీ మీదకే తిరగవచ్చు.

ముఖం కనబడని, పేరు తెలియని చోట మనిషి నిగ్రహం సడలుతుందని మనస్తత్వవేత్త జాన్ సులర్ 2004లోనే వివరించారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను రూపొందించిన రయట్ గేమ్స్ తమ ఆటలోని చాట్‌ను పరిశీలించినప్పుడు, దుర్భాషలో అధిక భాగం నిత్యం తిట్టే కొద్దిమంది నుంచి కాక, మామూలుగా సవ్యంగానే ఆడేవారు అప్పుడప్పుడు అదుపు తప్పడం వల్ల వస్తున్నదని తేలింది. అంటే మీకు తగిలిన తిట్టు చాలాసార్లు మీ ఆట మీద తీర్పు కాదు, అంతకుముందు ఎక్కడో ఓడి వచ్చిన కసి కావచ్చు. వరుసగా ఓడుతున్నప్పుడు మీరూ అలాంటి కసితోనే తరువాతి ఆటలోకి వెళ్ళే ప్రమాదం ఉంది గనుక, కాసేపు ఆపడం మంచిది.

ఫిర్యాదు ఆట ముగిశాకే చేయండి, కానీ మానకండి. సరిగా ఆడకపోవడం నేరం కాదు. బెదిరింపు, కులమతాల పేరిట, ఆడవారన్న కారణంగా చేసే దూషణ నేరాలే, వాటికి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. ఓవర్‌వాచ్ అనే ఆటలో 2018 నుంచి తోటి ఆటగాళ్ళను మెచ్చుకునే ఎండార్స్‌మెంట్ పద్ధతి ఉంది. మీ ఆటలో అది లేకపోయినా, సవ్యంగా ఆడినవారికి ఆట ముగియగానే ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపుతూ ఉంటే, అపరిచితుల జట్టులో చేరవలసిన అవసరమే క్రమంగా తగ్గుతుంది.