టెక్ సందేహాలు: ఎక్సెల్ లెక్క ఒకటి, ఓడ లెక్క ఇంకొకటి

ప్రశ్న: మాది నెల్లూరండీ. చెన్నై పోర్టులో ఒక కార్గో సర్వేయర్ దగ్గర ట్రైనీగా చేరాను. ముగ్గురాయి (బెరైటీస్) ఎక్కించాక ఓడ డ్రాఫ్ట్, అంటే నీళ్లలో మునిగే లోతు, ఎంతవుతుందో ఎక్సెల్‌లో వేసి చూశాను. ప్రస్తుతం డ్రాఫ్ట్ 6.20 మీటర్లు, డిస్‌ప్లేస్‌మెంట్ (ఓడ మొత్తం బరువు) 23,000 టన్నులు. ఎక్కించేది 12,000 టన్నులు. టీపీసీ (ఒక సెంటీమీటరు మునగడానికి పట్టే టన్నులు) 42తో భాగించి, వచ్చిన సెంటీమీటర్లు 6.20కి కలిపితే 9.06 వచ్చింది. ఏ డ్రాఫ్ట్‌కి ఎంత డిస్‌ప్లేస్‌మెంటో చూపే, ఓడవాళ్లిచ్చిన హైడ్రోస్టాటిక్ టేబుల్ మీద వీలుకప్ (VLOOKUP) ఫార్ములా వేస్తే 8.90. ఓడలోని లోడింగ్ కంప్యూటర్ మాత్రం 8.99 అంటోంది. టెన్షన్‌గా ఉంది, ఏది నమ్మాలి?
- ఒక పాఠకుడు, రాయపురం

జవాబు: కంప్యూటర్ చెప్పిందే నమ్మండి. మీ రెండు లెక్కల్లోనూ తప్పుంది. అయితే ఒక్కోదానిలో ఒక్కో రకం తప్పు.

ముందు 9.06 సంగతి. టీపీసీ అంటే ఓడ ఒక సెంటీమీటరు మునగడానికి కావలసిన టన్నులు. నీటిమట్టం దగ్గర ఓడ వైశాల్యాన్ని చదరపు మీటర్లలో తీసుకుని, 1.025తో హెచ్చించి, 100తో భాగిస్తే వస్తుంది. ఓడ కింద సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది కాబట్టి మునిగేకొద్దీ టీపీసీ పెరుగుతుంది. మీ టేబుల్లోనే చూడండి, 9 మీటర్ల దగ్గర అది 44 ఉంటుంది. 42, 44ల సగటు 43తో భాగిస్తే 279 సెంటీమీటర్లు, 6.20కి కలిపితే 8.99. నూరో రెండొందలో టన్నులైతే ఒకే టీపీసీతో పని జరిగిపోతుంది. 12,000 టన్నులకి కుదరదు. ఆ 7 సెంటీమీటర్ల తేడా విలువ సుమారు 300 టన్నుల సరుకు!

ఇక 8.90. ఇది వీలుకప్ తెచ్చిన తంటా. ఆఖరి ఆర్గ్యుమెంట్ (బ్రాకెట్లో ఇచ్చే చివరి విలువ) అసలు ఇవ్వకపోతే ఆ ఫార్ములా మీరిచ్చిన సంఖ్యకి సమానమైనదో, అంతకంటే తక్కువ ఉన్నవాటిలో దగ్గరి వరుసో పట్టుకొచ్చి ఆగిపోతుంది. మధ్య విలువ కట్టదు. మొత్తం డిస్‌ప్లేస్‌మెంట్ 35,000. టేబుల్లో 8.90కి 34,606, 9.00కి 35,046 ఉంటే అది 8.90 అనేసి ఊరుకుంటుంది. మ్యాచ్ (MATCH) ఫార్ములాతో ఆ తక్కువ విలువ ఉన్న వరుస నంబరు కనుక్కుని, ఇండెక్స్ (INDEX)తో ఆ వరుసనీ తర్వాతి వరుసనీ తెచ్చుకోండి. 35,000 నుంచి 34,606 తీసేస్తే 394. దాన్ని రెండు వరుసల తేడా 440తో భాగిస్తే దాదాపు 0.9. రెండు వరుసల మధ్య దూరం 10 సెంటీమీటర్లు కాబట్టి 9 కలపాలి. 8.99 వచ్చేసింది. ఫోర్‌కాస్ట్ (FORECAST) ఫార్ములా వాడినా సరే కానీ ఈ రెండు వరుసలే ఇవ్వాలి. టేబుల్ మొత్తం ఇస్తే అన్నిటికీ కలిపి ఒక సరళరేఖ గీసి మళ్లీ తప్పు చెబుతుంది.

షీట్‌లో ఇంకో రెండు గడులు పెట్టుకోండి. ఒకటి బ్యాలస్ట్, అంటే ఓడ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకున్న నీళ్లు. సరుకు ఎక్కుతుండగా వాటిలోంచి ఎంత తోడేస్తే అంత లెక్కలోంచి తీసేయాలి. రెండోది నీటి సాంద్రత. టేబుల్ సాధారణంగా 1.025 ఉన్న ఉప్పునీటికి వేసి ఉంటుంది. హల్దియాలాంటి నదీ రేవుల్లో నీళ్లు తేలిక, అదే బరువుకి ఓడ ఎక్కువ మునుగుతుంది. పూర్తి మంచినీళ్లయితే ఎంత ఎక్కువో తెలియాలంటే డిస్‌ప్లేస్‌మెంట్‌ని టీపీసీకి నాలుగు రెట్లతో భాగించాలి, జవాబు మిల్లీమీటర్లలో వస్తుంది. మీ ఓడకైతే దాదాపు 20 సెంటీమీటర్లు.

ఇదంతా సగటు డ్రాఫ్ట్ మాత్రమే. ముగ్గురాయి బాగా బరువు, కొంచెం పోసినా టన్నులు ఎక్కిపోతాయి. ముందు హోల్డులో (సరుకు గదిలో) ఎక్కువైతే ముక్కు దిగి వెనక భాగం లేస్తుంది. దానికి ట్రిమ్ (ముందు, వెనక డ్రాఫ్ట్‌ల తేడా) లెక్క వేరే కట్టాలి. ఓడ ఒళ్లు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందన్నది మీ షీట్ చెప్పలేదు. ఆ పని ఆమోదం పొందిన లోడింగ్ కంప్యూటర్‌దే. అందుకే ఎక్సెల్‌ని సరిచూసుకోవడానికే వాడండి, దాన్ని చూపించి లోడింగ్ ఆపమనో, ఎక్కించమనో చెప్పకండి.

ప్రశ్న: ఇదే షీట్ ఫోన్‌లో గూగుల్ షీట్స్‌లో పెట్టాను. బెర్త్ (రేవులో ఓడ ఆగే చోటు) దగ్గర నెట్ రాకపోతే?

జవాబు: ఆఫీసులో ఉన్నప్పుడే ఆ ఫైల్ పక్కన మూడు చుక్కలు నొక్కి, ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచే ఆప్షన్ ఆన్ చేయండి. తర్వాత ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి తెరిచి చూసుకోండి. డ్రాఫ్ట్ మార్కులు చదివేటప్పుడు అంకె అడుగు భాగమే ఆ డ్రాఫ్ట్ అని గుర్తుంచుకోండి. అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు. నీళ్లు దాని సగానికి ఉంటే 5 సెంటీమీటర్లు కలిపి గడిలో కొట్టాలి.