పాట్ రోస్ట్ సాగుతోందా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. బీఫ్ పాట్ రోస్ట్ 2 గంటలు ఓవెన్‌లో పెట్టినా రబ్బరులా సాగుతోంది. ఎక్కువ ఉడికిపోయిందా?

జవాబు: లేదమ్మా, ఇంకా ఉడకలేదు! భుజం దగ్గరి ముక్క, అంటే చక్ రోస్ట్ కొనండి. కొవ్వు లేని ఖరీదైన ముక్కలు దీనికి దండగ. 3 పౌండ్ల ముక్కకు ఉప్పు, మిరియాలు పట్టించి, మందపాటి గిన్నెలో అన్ని వైపులా ఎర్రగా వేయించండి. ఉల్లి, వెల్లుల్లి వేసి, ముక్క సగం మునిగేలా నీళ్లు పోసి, మూత బిగించి 300 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో మూడున్నర గంటలు వదిలేయండి. మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రొటీన్ మెత్తటి జిలాటిన్‌గా మారడానికి ఆ టైం కావాలి. ఫోర్క్ గుచ్చి తిప్పితే పీచులుగా విడిపోవాలి. విడిపోకపోతే మరో అరగంట, టెన్షన్ వద్దు. క్యారెట్, బంగాళాదుంపలు చివరి గంటలో చాలు. నేనైతే రెండు ఎండుమిర్చి కూడా పడేస్తా. అది పాట్ రోస్టే కాదని పొరుగింటివాళ్లు అంటే అననివ్వండి.