సత్యభామ వేషం మగవాళ్లు ఇంకా ఎందుకు కట్టాలి?

"ఇంతమంది ఆడపిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు కదా, ఇంకా మగవాళ్లు ఆడవేషం కట్టడం దేనికి?" అని కొందరు అడిగారు. కట్టాలి. నేను ఆడదాన్నే, పాతికేళ్లుగా ఈ నాట్యం నేర్పుతున్నదాన్నే. అయినా ఇదే చెబుతాను, ఎందుకంటే ఆడవేషాలకు పేరుపడ్డ కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను నేను చూశాను.

అప్పుడు నాకు పదకొండేళ్లు. మాది పామర్రు దగ్గర పల్లెటూరు. సత్యభామ కథ ఆడే భామాకలాపం చూడటానికి నాయనమ్మ నన్ను వెంటేసుకుని కూచిపూడి వెళ్లింది. చలికాలం, ఆరుబయట చాప మీద కూర్చున్నాం. ఇద్దరు తెర పట్టుకుని నిలబడ్డారు. తెర వెనక నుంచి ముందు మనిషి రాలేదు, జడ వచ్చింది. నాగరం, సూర్యుడు, చంద్రుడు అనే నగలు పెట్టిన పొడుగాటి జడ తెర మీదుగా ఇవతలికి పడింది. ఆటలో నన్ను మించినవాళ్లుంటే ఈ జడ కోసిస్తానని సవాలు అది. ఆయనకు అప్పటికే యాభై దాటాయని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

జడ కన్నా నాకు బాగా గుర్తున్నది వేరే ఉంది. సత్యభామ చెలికత్తె మాధవి "మీ ఆయన పేరేమిటమ్మా" అని అడుగుతుంది. సత్యభామ మొగుడి పేరు నోటితో చెప్పలేదు, సైగలతో నానా అవస్థా పడుతుంది. శర్మ గారు కొంగు అంచు రెండు వేళ్లతో పట్టుకుని పెదవుల దాకా తెచ్చి, తల కొంచెం వాల్చి, ఓరగా చూశారు. నేను పక్కకు తిరిగేసరికి నాయనమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అవే రెండు వేళ్లు, అదే వంపు. రేషన్ కార్డు రాయడానికి వచ్చినాయన తాతయ్య పేరు అడిగితే "నువ్వు చెప్పవే" అని నన్ను ముందుకు తోసిన మనిషి ఆవిడ. ఆ రాత్రి వేదిక మీద ఉన్నది మా నాయనమ్మే అనిపించింది.

అది రంగుతో, చీరతో వచ్చేది కాదు. కూచిపూడిలో పుట్టి, అన్నగారు ప్రహ్లాద శర్మ గారి దగ్గర, చింతా కృష్ణమూర్తి గారి దగ్గర నేర్చుకుని, ఉషా పరిణయంలో ఉషగా, భామాకలాపంలో సత్యభామగా ఏళ్ల తరబడి ఆడితే వచ్చింది. 1967లో సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ ఇచ్చారు. 2012లో పోయారు. నన్నడిగితే ఆయన తర్వాత సత్యభామ లేదు.

మేళాల్లోకి, అంటే కూచిపూడి ఆడే బృందాల్లోకి, ఆడవాళ్లను రానివ్వని రోజుల్లో మగవాళ్లే ఆడవాళ్లను చూసి చూసి ఈ అభినయం కట్టారు. రానివ్వకపోవడం తప్పే. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆడవాళ్లకు నేర్పకపోతే నేనిక్కడ లేను. కానీ ఇవాళ మా అమ్మాయిలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, అది మంచిదే. మరి ఆ సిగ్గు ఎక్కడ చూసి నేర్చుకుంటారు? ఇళ్లలో లేదు, వేషంలోనే మిగిలింది. ఆడపిల్ల అయినంత మాత్రాన అది ఊరికే రాదు. మగపిల్లాడికైనా, ఆడపిల్లకైనా కూర్చోబెట్టి నేర్పాల్సిందే.

నేర్పడానికి టైమేదీ? భామాకలాపం మొత్తాన్ని కోసి, సత్యభామ వేదిక మీదికి వచ్చేటప్పటి పాట, ఒక్క ప్రవేశ దరువు ఉంచుతున్నారు, అదీ పెన్‌డ్రైవ్‌లో పాట పెట్టి. పాట ఎక్కడ ఆగిపోతుందో అని పిల్లలకు ఒకటే టెన్షన్. మాధవి లేకపోతే సత్యభామ ఎవరితో మాట్లాడాలి? కృష్ణుడికి ఉత్తరం తీసుకెళ్లడానికి ముక్కెర ఇమ్మని అడిగేదెవరు? ఇవ్వలేక ఇవ్వలేక సత్యభామ పడే బాధలోనే కదా ఆ పాత్ర గర్వమంతా కరిగేది!

నా దగ్గర పద్నాలుగేళ్ల కుర్రాడొకడు నేర్చుకుంటున్నాడు. నిరుడు ఒక కార్యక్రమంవాళ్లు "ఆడవేషం ఎందుకండీ, కృష్ణుడు వేయించండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు, వాడు ఆడలేదు. ఇంటికెళ్లి ఏడ్చాడని వాళ్లమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చి గజ్జెలు కట్టాడు. ఈ నెలలో వాడికి సత్యభామ ఉత్తరం రాసే ఘట్టం మొదలుపెట్టాను.