చట్రం ముందు, ఇంజను తరువాత: హాట్ రాడ్ కట్టుకునేవారి ప్రశ్నలకు సమాధానాలు

పాత కారును, చాలా సందర్భాల్లో 1930ల నాటి ఫోర్డును, విడదీసి, బరువూ ఎత్తూ తగ్గించి, బలమైన ఇంజను బిగించి సొంత చేతులతో మళ్ళీ కట్టుకుంటే దాన్ని అమెరికాలో హాట్ రాడ్ అంటారు. అక్కడ స్థిరపడిన మన పాఠకులు ఈ విషయమై రాసిన ఉత్తరాలకు, వాటితోపాటు ఇక్కడి నుండి వచ్చిన రెండింటికి, ఈ నెల సమాధానాలిస్తున్నాము.

ప్రశ్న: 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కూపే (రెండు తలుపుల మూసిన కారు) బాడీ, దాని పాత చట్రం చవకగా దొరికితే కొన్నాను. ఒక మిత్రుడు షెవ్రొలే 350 (ఘనపుటంగుళాల) ఇంజను ఇస్తానంటున్నాడు. ముందుగా ఇంజను బాగు చేయించి, ఆ తరువాత చట్రం సంగతి చూడవచ్చునా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

సమాధానం: ఇంజను తెచ్చుకోండి, కాని టార్పాలిన్ కప్పి ఒక మూలన పెట్టండి. ఈ పనిలోకి కొత్తగా దిగినవారికి మొదటి మోజు ఇంజను మీదే ఉంటుంది. అందుకే సగంలో ఆగిపోయి అమ్మకానికి వచ్చే కార్లలో ఇంజను తళతళలాడుతూ ఉంటుంది గాని, స్టీరింగు, బ్రేకుల సామాను ఇంకా అట్టపెట్టెల్లోనే ఉంటుంది.

మీరు ముందుగా తేల్చుకోవలసింది కారు నేల మీద నిలబడే తీరు. చక్రాలూ టైర్లూ ఏ కొలతవో నిర్ణయించుకొని, చట్రాన్ని సరిగ్గా ఆ ఎత్తుకు స్టాండ్ల మీద నిలిపి, బాడీని పైన ఉంచి, గ్యారేజీ బయటకు వెళ్ళి చూడండి. వెనుక పెద్ద టైర్లు, ముందు చిన్న టైర్లు వేయడం ఆనవాయితీ కనుక చట్రం కొద్దిగా ముందుకు వాలుతుంది. ఆ వాలు ఖరారు కాకుండా ఏ బ్రాకెట్టూ వెల్డింగు చేయకూడదు. ఉదాహరణకు, ముందు ఇరుసుకు కింగ్‌పిన్, అంటే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ నిలువు మేకు చుట్టూ తిరుగుతుందో అది, పైకొస వెనుకకు 5 నుండి 7 డిగ్రీలు వాలి ఉండాలి; దాన్నే క్యాస్టర్ అంటారు. చట్రం సమంగా ఉన్నప్పుడు 5 డిగ్రీలు పెట్టి, తరువాత ముందు భాగాన్ని 2 డిగ్రీలు దించితే మీకు మిగిలేది 3 డిగ్రీలే, వేగం పెరిగేకొద్దీ కారు తిన్నగా పోదు.

మోడల్ ఎ చట్రం 40 అశ్వశక్తి ఇంజనును మోయడానికి చేసినది. దాని దూలాలు ఒక పక్క తెరిచి ఉన్న రేకు కాలువల వంటివి కాబట్టి, మీ 350 బలానికి అవి మెలితిరుగుతాయి. లోపలివైపు తెరిచిన భాగాన్ని సుమారు 3 మిల్లీమీటర్ల పలకతో మూసి దూలాన్ని పెట్టెలా చేయడం, మధ్యలో అడ్డదూలాలు చేర్చడం దీనికి విరుగుడు. అయితే చట్రాలు ఎక్కువగా పాడయ్యేది కూడా ఈ పనిలోనే. వెల్డింగు కుట్టు చల్లారేటప్పుడు ముడుచుకొని లోహాన్ని తన వైపుకు లాగుతుంది. ఈ చివర నుండి ఆ చివర దాకా ఏకబిగిన కుట్టుకుంటూ పోతే, పొద్దున నిటారుగా ఉన్న దూలం సాయంత్రానికి విల్లులా వంగుతుంది. ముందు పలకను చట్రం పొడవునా టాకులతో, అంటే చుక్కల్లాంటి చిన్న వెల్డింగులతో, నిలిపి, ఒక అంగుళం కుట్టి, అవతలి దూలం మీదకు వెళ్ళి అక్కడ మరో అంగుళం కుట్టి, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకనే మొదటి దూలం దగ్గరకు తిరిగి రావాలి.

ఈ పని మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలో, చివరన కూడా చట్రం మూలమట్టంగా ఉందో లేదో చూడాలి. దీనికి ఖరీదైన సాధనాలేవీ అక్కరలేదు. చట్రాన్ని రసమట్టంతో నాలుగు మూలలా సమం చేసి, రెండు దూలాలలో ఒకే చోట ఉన్న జత రంధ్రాల నుండి తూకపు గుండు దించి, దాని మొన తాకిన చోట సిమెంటు నేల మీద సుద్దతో సన్నని గుర్తు పెట్టండి. ముందు రెండు, వెనుక రెండు గుర్తులు పెట్టాక చట్రాన్ని పక్కకు జరిపి, ఎడమ ముందు గుర్తు నుండి కుడి వెనుక గుర్తుకు, కుడి ముందు నుండి ఎడమ వెనుకకు టేపుతో కొలవండి. ఈ రెండు కర్ణాల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటితే చట్రం ఒక పక్కకు జరిగినట్లే. ఆ దశలో దాన్ని సరిచేయడం ఒక పూట పని. బాడీ, ఇంజను, రంగు అన్నీ అయ్యాక అదే తప్పు బయటపడితే కారంతా విప్పవలసి వస్తుంది.

తరువాత ఇంజను, గేర్‌బాక్సు, రేడియేటరు, స్టీరింగు కడ్డీ, పెడళ్ళు, సైలెన్సరు గొట్టాలు అన్నింటినీ రంగు వేయకుండా, టాకులతోనే నిలిపి ఒకసారి పూర్తిగా అమర్చి చూడండి. స్టీరింగు కడ్డీ వెళ్ళవలసిన చోటే పొగగొట్టం ఉందన్న సంగతి తెలిసేది అప్పుడే. అన్నీ కుదిరాక మొత్తం విప్పి, చివరి కుట్లు వేసి, ఆ తరువాతనే రంగు జోలికి వెళ్ళాలి.

బ్రేకుల గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. మోడల్ ఎ బ్రేకులు కడ్డీలతో లాగేవి. ఫోర్డు హైడ్రాలిక్, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసే, బ్రేకులకు మారింది 1939లో. పెడలు తొక్కగానే ఆ ద్రవాన్ని చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండరు రెండు గదులది వాడండి, కాలి బలానికి తోడయ్యే వాక్యూమ్ బూస్టరు లేకపోతే పెడలు కాలి బలాన్ని పెంచే నిష్పత్తి 6కు 1 దరిదాపుల్లో ఉండేలా చూడండి. మాస్టర్ సిలిండరును కాళ్ళ కింద, చట్రం దగ్గర బిగిస్తే అది చక్రాల సిలిండర్ల కంటే దిగువకు వస్తుంది, ఫ్లూయిడ్ వెనక్కు జారిపోతుంది. అందుకు డిస్క్ బ్రేకుల లైనులో 2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), డ్రమ్ము బ్రేకుల లైనులో 10 పీఎస్ఐ నిలువ ఒత్తిడి వాల్వులు పెట్టాలి. నీళ్ళ పైపులకు వాడే కంప్రెషన్ ఫిట్టింగులు బ్రేకు లైనుకు ఎన్నటికీ పనికిరావు. గొట్టం కొసను రెండు మడతలుగా విప్పార్చి (ఫ్లేరు) బిగించుకోండి.

ఇంకొక మాట. మోడల్ ఎ చట్రం ఎడమ దూలం పై అంచున నంబరు ముద్ర ఉంటుంది, అది బాడీ ఎత్తితేనే కనిపిస్తుంది. పత్రాలలోని నంబరుతో అది సరిపోతుందేమో ఇప్పుడే చూసుకోండి. సరిపోకపోతే మీ రాష్ట్రంలో దాన్ని ప్రత్యేకంగా నిర్మించిన వాహనంగా నమోదు చేయించవలసి రావచ్చు. అలాంటి వాహనాలలో, ఎస్‌బీ 100 అనే కాలిఫోర్నియా చట్టం కింద, ఏటా 500 వాహనాలకు మాత్రం పొగ పరీక్ష నిబంధనను బాడీ పోలిన సంవత్సరాన్ని బట్టో, ఇంజను సంవత్సరాన్ని బట్టో వర్తింపజేసుకునే వీలుంది.

ప్రశ్న: నేను కట్టిన కారు 60 మైళ్ళ వేగం దాటగానే సీటు కింద అదురుతోంది. గేర్‌బాక్సు నుండి వెనుక ఇరుసుకు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టును బ్యాలెన్సు చేయించినా తగ్గలేదు. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, డల్లాస్

సమాధానం: షాఫ్టు బాగానే ఉండి ఉంటుంది, కోణాలు చూడండి. షాఫ్టు కొసన ఉండే క్రాస్ జాయింటు (వంగుతూ తిరిగే కీలు) వంగి తిరుగుతున్నప్పుడు దాని ముందు కొస సమవేగంతో తిరుగుతున్నా, వెనుక కొస ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకొని రెండుసార్లు మందగిస్తుంది. ఈ హెచ్చుతగ్గులను వెనుకనున్న రెండో జాయింటు రద్దు చేస్తుంది. కాని రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండి, షాఫ్టు రెండు కొసల్లోని యోకులు (జాయింటును పట్టుకునే కొమ్ములు) ఒకే వరుసలో ఉంటేనే అది జరుగుతుంది. గేర్‌బాక్సు వెనుక కొస 3 డిగ్రీలు కిందికి వాలి ఉంటే, డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) ముక్కు అదే 3 డిగ్రీలు పైకి చూడాలి. అంటే ఆ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలన్నమాట. జాయింటు వంపు 1 నుండి 3 డిగ్రీల లోపు ఉంటే మంచిది. అసలు వంపే లేకుండా సున్నాకు తెస్తే బేరింగులోని సూదులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి.

కారు బరువు చక్రాల మీద ఉండగానే కొలవాలి, జాకీ మీద ఎత్తి కొలిస్తే ఆ అంకెలకు విలువ లేదు. మీది కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) సస్పెన్షను అయితే, యాక్సిలరేటరు తొక్కినప్పుడు డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా పెట్టుకోవడం మేలు. కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య వాలు దిమ్మె పెడితే సరిపోతుంది, ఏదీ కోయనక్కరలేదు.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరం నుండి వచ్చి మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మా అల్లుడుగారు రాత్రిళ్ళు గ్యారేజీలో వెల్డింగు చేస్తూ కారు కడుతున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. నా భయం అర్థం లేనిదని వాళ్ళు నవ్వుతున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, ఫీనిక్స్

సమాధానం: మీ భయానికి అర్థం ఉందమ్మా. పని మానమని చెప్పవలసిన అవసరం లేదు గాని, కొన్నింటిని మీరే ఒకసారి గ్యారేజీలోకి వెళ్ళి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు క్లీనరు డబ్బా. దాని మీద క్లోరినేటెడ్ అని ఉంటే, వెల్డింగు చేసే చోట దానికి స్థానం లేదు. ఆ ద్రవంతో తుడిచిన ఇనుము మీద ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధంగా వాడినది అదే. పీల్చిన కొన్ని గంటలకు గాని ఊపిరితిత్తులలో నీరు చేరి దాని ప్రభావం కనిపించదు. అసిటోను వాడమనండి, అదైనా పూర్తిగా ఆరిపోయాక, డబ్బా దూరంగా పెట్టాకనే ఆర్క్ వెలిగించాలి.

రెండవది, ఫీనిక్స్ ఇళ్ళలో గ్యాసుతో నడిచే నీళ్ళ హీటరు తరచుగా గ్యారేజీలోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతూ దాని మంట దాకా వెళ్ళగలదు. పెట్రోలు ట్యాంకు విప్పే రోజున తలుపులు తెరిచి, హీటరు ఆపించండి. పాత ట్యాంకుకు చిల్లు పడితే వెల్డింగు చేయడం అనే ఆలోచనే వద్దు, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

పిల్లలు ఆర్క్ వెలుగు చూడకుండా అడ్డుతెర కట్టించండి. ఆ కిరణాల వల్ల కళ్ళలో ఇసుక పోసినట్లు మంట పుట్టేది వెంటనే కాదు, చాలా గంటల తరువాత, తరచూ అర్ధరాత్రి. ఆఖరి కుట్టు వేశాక కనీసం అరగంట ఎవరో ఒకరు నిప్పు రవ్వలు ఎక్కడైనా రాజుకున్నాయేమో చూస్తూ అక్కడే ఉండాలి. కారు కింద దూరే ముందు జాకీ చాలదు, స్టాండ్లు ఉండాలి. నవ్విన వాళ్ళకు ఈ పుట చదివి వినిపించి, గ్యారేజీ తలుపుకు అతికించండి.

ప్రశ్న: హాట్ రాడ్ అనగానే అందరూ 1932 ఫోర్డు పేరే చెబుతారు. దానిలో అంత గొప్పతనం ఏముంది?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

సమాధానం: ఆ సంవత్సరమే ఫోర్డు సామాన్యుడు కొనగల ధరలో వి8 ఇంజను, అంటే V ఆకారంలో రెండు వరుసలుగా ఎనిమిది సిలిండర్లున్న ఇంజను, అందించింది. అంతకుముందు వి8 సంపన్నుల కార్లకే పరిమితం. 221 ఘనపుటంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు, 65 అశ్వశక్తి. రెండు వరుసల సిలిండర్లనూ ఒకే బ్లాకులో పోతపోయడం వల్ల అది చవకగా సాధ్యమైంది. కాలిఫోర్నియాలో మురాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సుల మీద కుర్రకారు మడ్‌గార్డులు పీకేసి పందేలు పెట్టుకునేవారు. ఆ పందేలను ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లో దక్షిణ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. మడ్‌గార్డులు తీసేసినా 1932 చట్రం అందంగానే కనిపిస్తుంది, ఎందుకంటే దాని దూలాలు బయటకు కనిపించేలా, అంచున గీత తీర్చి అచ్చుపోశారు. మిగిలిన సంవత్సరాల కార్లను ఆ స్థితిలో చూడలేం.

ఆ ఇంజనుకు ఒక తీరని రోగం కూడా ఉంది. పొగ దారులు బ్లాకు గుండానే, నీటి గదుల మధ్య నుండి బయటకు పోతాయి కనుక అది తొందరగా వేడెక్కుతుంది. 1955లో షెవ్రొలే 265 ఘనపుటంగుళాల వి8 తెచ్చాక హాట్ రాడ్ కట్టేవారిలో చాలామంది దాని వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: కూపే పైకప్పును మూడు అంగుళాలు కోసి దించాలనుకుంటున్నాను. కష్టమా?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

సమాధానం: స్తంభాలు ఎంత నిటారుగా ఉంటే అంత తేలిక. మోడల్ ఎ స్తంభాలు దాదాపు నిలువు కనుక మూడు అంగుళాలు తీసేసినా పై భాగం కింది భాగం మీదకు ఇంచుమించు సరిగ్గా వచ్చి కూర్చుంటుంది, అద్దాలు కూడా బల్లపరుపువే కాబట్టి కొత్తవి కోయించుకోవచ్చు. 1940ల నాటి కార్లలో ముందు స్తంభాలు వెనక్కు వాలి ఉంటాయి. పైకప్పు దించగానే అద్దం స్తంభాలకు అది పొట్టిగా మిగులుతుంది, అప్పుడు కప్పును అడ్డంగా కోసి మధ్యలో రేకు అతకవలసి వస్తుంది. ఏ కారైనా కోత పెట్టే ముందు లోపల గొట్టాలతో అడ్డకట్లు వెల్డింగు చేయండి. లేకపోతే తలుపుల చోటు తన ఇష్టం వచ్చినట్లు విచ్చుకుంటుంది.

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. పాత అంబాసిడర్‌ను హాట్ రాడ్‌గా మార్చి రోడ్డు మీద నడపవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: కట్టగలరు, నడపలేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్నే ధ్రువీకరించింది. అమెరికాలోలాగా ఇంట్లో కట్టిన ఒక్క కారును తీసుకెళ్ళి తనిఖీ చేయించి నంబరు తెచ్చుకునే తేలిక మార్గం మన దగ్గర లేదు.

సాంకేతికంగా కూడా అంబాసిడర్ దీనికి అనువైనది కాదు. దానికి విడిగా చట్రం లేదు, బాడీయే చట్రం. బాడీని చట్రం మీద నుండి కిందికి దించడం అనే హాట్ రాడ్ పనితనం దానిలో కుదరదు. రోడ్డు ఎక్కని ప్రదర్శన వాహనమే కావాలనుకుంటే విడి చట్రం ఉన్న పాత జీపు మంచిది. లారీ బాడీలకు రేకు వంచే, చట్రం సాగదీసే చేతులకు అందులో కొత్తగా నేర్చుకోవలసింది కొద్దే. చేతితో కట్టిన వింత కార్లను చూడాలనుకుంటే హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంకు ఒకసారి వెళ్ళి రండి.

మీ అంబాసిడర్ ఏ సంవత్సరానిదో మీరు రాయలేదు. 50 ఏళ్ళు దాటిన వ్యక్తిగత వాహనాలను వింటేజిగా నమోదు చేసుకునే వీలును కేంద్రం 2021లో కల్పించింది. చట్రాన్నీ బాడీనీ ఇంజనునూ గణనీయంగా మార్చకుండా ఉంటేనే అది వర్తిస్తుంది. మీది ఆ వయసు కారైతే, రంపం పెట్టే ముందు ఒకసారి రవాణా శాఖ కార్యాలయంలో విచారించండి.